చిట్టెం బండి మీద మనిషి

జనవరి 12

వదినా,

నీ బుల్లి రాసేది ఏమంటే, నేను బాగానే ఉన్నాను, తింటున్నాను, హాస్టల్లో నీళ్లు వస్తున్నాయి. ఈ మూడు మాటలూ అమ్మకు చదివి వినిపించు. మిగతాది నీకు.

కవరులో మూడు ఫోటోలు పెట్టాను. నేను తీసినవే. నవ్వకు. ఇక్కడికొచ్చాక నాకో పిచ్చి పట్టుకుంది.

మా ఫ్యాక్టరీ లోపల సొంత రైలు పట్టాలున్నాయి. ఊరూరా తిరిగే రైళ్లు కావు. కొలిమి దగ్గర బయల్దేరి, గోడ వెంబడి పోయి, గుట్ట ఎక్కి, మళ్లీ కొలిమి దగ్గరకే వచ్చే పొట్టి బండ్లు. ఇనుము కరిగినప్పుడు పైన తేలే మడ్డిని చిట్టెం అంటారు. దాన్ని గంగాళాల్లాంటి పెట్టెల్లో పోసి, ఇంజను తగిలించి, గుట్ట మీదికి తీసుకెళ్లి ఒంపేస్తారు. సాయంత్రం పూట ఒంపితే మా వీధి చివరిదాకా అందరి ముఖాలూ ఎర్రబడతాయి. కూరగాయలు బేరమాడేవాళ్లు ఒక్క క్షణం తలెత్తి చూసి మళ్లీ బేరంలో పడతారు. నాకు మాత్రం ఇంకా అలవాటు కాలేదు. పరీక్షశాలలో రోజంతా ఇనుప ముక్కల్ని అరగదీసి భూతద్దం కింద చూసే పనే నాది. ఆ ముక్క అంత వెలుగులోంచి వచ్చిందని తెలిశాక ఊరుకోలేకపోయాను.

ఇలాంటి బండ్లకు ఫోటోలు తీసేవాళ్లు ఊళ్లో మరికొందరున్నారు. డ్రాయింగు మాస్టారు మాకు పెద్ద. సెలవు రోజున కంచె బయట, నడకదారి వంతెన మీద చేరతాం. నా చేతిలో కెమెరా మాత్రం ఊళ్లో ఫోటో స్టూడియో నడిపే ఆయనది. ఆ రోజు ఆయనకు పెళ్లిళ్లేవీ తగలకపోతే నాకిస్తాడు. మాకొక నియమం ఉంది. ఫోటోలో మనిషి పడకూడదు. "మనిషి కనపడితే చూసేవాడి కళ్లు అటే పోతాయి. ఇంక బండినెవడు చూస్తాడమ్మా?" అంటారు మాస్టారు. అందుకని పనివాళ్లు తప్పుకునేదాకా కాసుకుని ఉంటాం. మొన్న ఒకాయన ఇంజను మెట్టు మీద నిలబడి ఎంతకీ దిగడు. ఆయనకు ఇల్లూ వాకిలీ లేవా అని మాస్టారు ఒకటే సణుగుడు. పాపం, ఆయన పనిలో ఉన్నాడు, మేమే సెలవులో ఉన్నాం.

నీ మిషనుకు బెల్టు మార్పించావా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

ఉంటాను,
నీ ఆడపడుచు బుల్లి


జనవరి 30

బుల్లీ,

నీ మూడు మాటలూ అత్తయ్యకి చదివాను. "తింటున్నానంది గానీ ఏం తింటోందో రాయలేదు చూశావా" అంది. కాబట్టి ఈసారి అది కూడా రాయి.

నా రాత చూసి నువ్వూ నవ్వకు. నువ్వు పలక పట్టించిన రోజులకంటే ఇప్పుడు అక్షరాలు కాస్త నిటారుగా నిలబడుతున్నాయి. బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ల కొలతలు ఇప్పుడు నేనే రాసుకుంటున్నాను. ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

నీ ఫోటోలు మిషను ఎదురుగా గోడకి అంటించాను. మా ఆడపడుచు తీసింది అని వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాను. అత్తయ్య మాత్రం ఒక్కోటీ తిప్పి తిప్పి చూసి, "ఇంత బండీ దానంతటదే పోతోందా, నడిపేవాడేడే?" అంది. నియమం సంగతి చెప్పాను. "మనుషుల్ని తోసేసే నియమం ఎవడు పెట్టాడు? ఆ మాస్టారుకి పెళ్లాంతో పడదేమో కనుక్కో" అంది. కనుక్కో మరి.

ఇక్కణ్ణుంచి అత్తయ్య చెప్పి రాయిస్తోంది. రాయనంటే అన్నం ముట్టనని కూర్చుంది.

"మీ వదినకి సంబంధం చూశాను. స్కూలు బస్సు నడిపే ఆయన. పెళ్లాం పోయింది, ఒక పాప. నెమ్మదస్తుడు. మన వీధి మలుపులో హారన్ కొట్టకుండా బస్సు తిప్పేది ఆయనొక్కడే. మీ అన్న పనికని పోయి ఆరేళ్లయింది. ఉత్తరం లేదు, కబురు లేదు. వాడు నా కడుపున పుట్టినవాడే, అయినా నేనే చెప్తున్నా, వాడి కోసం ఈ పిల్ల ఎండిపోకూడదు. నువ్వు చదువుకున్నదానివి, దీనికి నచ్చజెప్పి రాయి."

'ఎండిపోకూడదు' దగ్గర నేను ఆగితే, రాశావా లేదా అని తొంగి చూసింది, ఆవిడకేదో చదవడం వచ్చినట్టు.

ఇప్పుడు లేచి వెళ్లింది. ఇక నా మాట. ఆ డ్రైవరు గారిని కాదనడానికి నాకు కారణం దొరకడం లేదు. ఔననడానికి ఒకటే అడ్డు. అదేమిటో నీకు తెలుసు. నువ్వు అంత దూరం వెళ్లి, అదీ ఆ ఊళ్లోనే ఉద్యోగం ఎందుకు ఒప్పుకున్నావో నాకూ తెలుసు. నేనడగను, నువ్వు చెప్పకు. ఈసారి ఫోటోల్లో మాత్రం మనుషుల్ని పడనియ్యి. అత్తయ్యకి మనుషులుంటేనే తోస్తుంది.

మీ వదిన


ఫిబ్రవరి 17

వదినా,

నువ్వు గట్టిదానివే. ఆ మందుల కొట్టు సంబంధం తప్పించుకోవడానికే ఇంత దూరం ఉద్యోగం చూసుకున్నానని ఎలా కనిపెట్టావు? అమ్మతో మాత్రం అనకు. ఆ అబ్బాయి మంచివాడే గానీ, చూపులకు వచ్చిన రోజు మాట్లాడినంతసేపూ దగ్గు మందుల గురించే మాట్లాడాడు.

అమ్మకు చెప్పు: అన్నం, పప్పు, గుడ్డు తింటున్నాను. మాస్టారి భార్య బంగారం లాంటి మనిషి. వంతెన మీదికి ఫ్లాస్కులో టీ పంపిస్తుంది.

అమ్మ చెప్పిన సంగతి చదివాను. నేను అన్నయ్యకు చెల్లెల్ని. అన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లాడు. మన ఇంట్లో బడి మెట్లెక్కింది నేనొక్కదాన్నే, ఎక్కించింది వాడు. అయినా రాస్తున్నాను వదినా, ఒప్పుకో. వచ్చేవాడైతే ఈపాటికి వచ్చేవాడు. ఓడరేవులో పని అని వెళ్లినవాడు ఏ ఓడ ఎక్కి ఎటు పోయాడో. రాలేని పరిస్థితి అయినా, రాకూడదనుకున్నా, నీ వంతు నువ్వు ఎదురు చూశావు. ఈ మాట నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నువ్వు అడిగినట్టే మనుషులున్న ఫోటోలు నాలుగు పంపుతున్నాను. మాస్టారు చూసి, "ఏమ్మా, పెళ్లి ఫోటోలు మొదలెట్టావా?" అన్నారు. మా అమ్మకు మనుషులు కావాలండీ అంటే, అమ్మలతో మనం పడలేం అని ఒప్పుకున్నారు. చిట్టెం బండి గుట్ట ఎక్కుతున్న ఫోటో నాకు బాగా నచ్చింది. వెలుగంతా వెనకనుంచి వచ్చి, మెట్టు మీదున్న మనిషి నల్లటి నీడలా పడ్డాడు. ముఖం తెలియదు. ఇంతకుముందైతే ఆయన దిగేదాకా ఆగేదాన్ని.

డ్రైవరు గారి పాప నీ దగ్గరికి వస్తుందా? దానికేమన్నా కుట్టావా?

నీ బుల్లి


మార్చి 6

బుల్లీ,

మందుల కొట్టు సంగతి నాకు తెలియదు. నేనన్నది అది కాదు. నువ్వు కావాలనే మాట మార్చావనుకుంటున్నాను. ఇంక మార్చక్కర్లేదు. ఆయన దొరికారు గదా.

చిట్టెం బండి ఫోటో చేతిలోకి తీసుకోగానే అమ్మా అని గట్టిగా అన్నాను. అత్తయ్య పరుగున వచ్చింది, సూది దిగిందనుకుని. గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర కంటికి పెట్టుకునే అద్దం తెచ్చి చూశాను. ముఖం తెలియదు, నిజమే. ముఖం నాకెందుకు? కమ్మీని చేత్తో పట్టుకోకుండా, మోచేయి మడిచి దానికి తగిలించి, అరచేయి ఖాళీగా వేలాడేసి నిలబడ్డారు. మీ అన్నయ్య బస్సులో అలాగే నిలబడేవారు. పెళ్లయిన కొత్తలో నేను నవ్వేదాన్ని, అందరూ పట్టుకుంటే మీరు తగిలించుకుంటారేమిటి, చొక్కానా అని. ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడ్డా అంతే. అలా నిలబడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఓడరేవు అన్నది అత్తయ్యకి చెప్పిన మాట. ఇనుము కరిగించే చోటికి పంపితే ఆవిడ భయపడుతుందని. నాతో మాత్రం నిజం చెప్పి వెళ్లారు. ఏ ఊరో చెప్పలేదు. నీకు ఇనుము కరిగించే ఊళ్లోనే ఉద్యోగమని తెలిసినప్పుడే అనుకున్నాను, నా బుల్లి వెతకడానికే వెళ్తోందని. ఆ పట్టాల పక్కన నువ్వు కాపలా కాస్తుంటే ఇంక వేరే చెప్పాలా?

డ్రైవరు గారికి వద్దని చెప్పేశాను. నేనే వెళ్లి చెప్పాను, అత్తయ్యతో చెప్పిస్తే మర్యాద కాదని. ఆయన బస్సు తుడుస్తున్నారు. "మంచి కబురేదో వచ్చినట్టుంది" అన్నారు. నా ముఖం అలా ఉందేమో మరి.

పెళ్లి ఫోటో ఒక్కటే ఉండేది, అది ఆయన పెట్టెలోనే వెళ్లిపోయింది. ఇన్నాళ్లకి మళ్లీ ఇంట్లో ఆయన ఫోటో ఉంది.

నువ్వు ఆయన్ని రమ్మని అడగొద్దు. ఎందుకు రాయలేదని నిలదీయొద్దు. దూరం నుంచే చూడు. చిక్కారా, మెట్టు మీద నిలబడేటప్పుడు కాళ్లకి బూట్లున్నాయా, అది చూసి రాయి చాలు. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.

వదిన


మార్చి 20

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నేను అన్నయ్యను వెతకడానికి రాలేదు. నువ్వలా అనుకుంటున్నావని తెలిసి ఉంటే మొదటి ఉత్తరంలోనే చెప్పేదాన్ని. ఇనుము మాట నాకు తెలియదు. బండ్లంటే ఇష్టమై తీశాను, అంతే.

నీ ఉత్తరం అందిన రోజే గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. షిఫ్టు దిగి ఆ ఇంజను వాళ్లు బయటికి వచ్చారు. ఫోటో చూపించి ఇందులో ఉన్నదెవరని అడిగాను. ఒకాయన ముందుకొచ్చాడు. పెట్టెలకు కొక్కేలు తగిలించే పని ఆయనది. వయసులో అన్నయ్యకంటే చాలా పెద్ద, నాకంటే పొట్టి. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాడు.

"ఫోటోలమ్మాయివి నువ్వేనా? మేం కనపడితే మొహాలు చిట్లిస్తారు మీ వాళ్లు. ఇప్పుడేంటి, మేం పనికొచ్చామా?" అన్నాడు.

"మీరు కమ్మీని పట్టుకోకుండా మోచేయి ఎందుకు తగిలిస్తారండీ?"

ఆయన వెనక్కి తిరిగి మిగతావాళ్లతో, "ఒరే, ఎందుకు తగిలిస్తామంటోంది" అని నవ్వాడు. తర్వాత నాతో, "వెనకాల నిప్పుల గంగాళం ఉంటుందమ్మా. కమ్మీ పెనంలా కాలిపోద్ది. అరచేత్తో పట్టుకుంటే తోలు దానికే అంటుకుంటది. మందపాటి చేతుల చొక్కా వేసుకుని మోచేయి తగిలించాలి. నేనొక్కణ్ణే కాదు, వేడి బండి ఎక్కినోళ్లందరూ అంతే. అలవాటైపోయి నేను బస్సులో కూడా అలాగే నిలబడతా, మా ఆవిడ తిడతది" అన్నాడు.

వదినా, పెళ్లికి ముందు అన్నయ్య మన వీధి చివర సున్నం బట్టీ బండి మీద పనిచేశాడు కదా. ఆ అలవాటు అక్కడిదే అయి ఉంటుంది.

నమ్మడం కష్టమని నాకు తెలుసు. అందుకే మర్నాడు వంతెన మీంచి ఇంకో ఫోటో తీశాను, ఇందులో పెట్టాను. బండి మీద నలుగురున్నారు. చూడు, నలుగురూ ఒక్కలాగే.

ఇక్కడ పనిచేసేవాళ్లలో అన్నయ్య పేరున్నవాళ్లు ఉన్నారేమోనని ఆఫీసులో కూడా అడిగాను. ఇద్దరున్నారు. ఇద్దర్నీ చూసి వచ్చాను. కాదు.

డ్రైవరు గారితో మళ్లీ మాట్లాడు. నన్ను రాయమంటే ఆయనకు నేనే రాస్తాను.

బుల్లి


ఏప్రిల్ 4

బుల్లికి,

నీ ఉత్తరం చదివాను. నలుగురున్న ఫోటో కూడా చూశాను. చాలా తెలివిగా తీశావు.

ఆయనకి అక్కడ ఎవరో ఉన్నారు. అవునా? అది నాకు చెప్పలేక ఇదంతా అల్లావు. నువ్వు ఆయన్ని కలిశావు, చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారు. చిన్నప్పట్నుంచీ అన్నయ్య మాటంటే నీకు అంతే కదా. నేను బయటినుంచి వచ్చినదాన్ని.

ఏడవడం లేదు. అడుగుతున్నాను. పిల్లలున్నారా? ఆడా, మగా? ఆవిడ ఏం పని చేస్తుంది? చెప్తే నాకు ఒక దారి తెలుస్తుంది. చెప్పకపోతే నేను ఆ మలుపు వైపు చూస్తూనే ఉండాలి. నువ్వు నాకు అక్షరాలు నేర్పింది ఇందుకేనా, ఎదురుగా కూర్చుని చెప్పలేని అబద్ధం కాగితం మీద పెట్టి పంపడానికా?

వేడి కమ్మీ అట, నలుగురూ ఒక్కలాగే అట. బుల్లీ, నేను ఆయన పక్కన నిలబడి ఎన్నిసార్లు బస్సులో వెళ్లానో. అది ఆయనది.

అత్తయ్యకి అంతా చెప్పేశాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం లేచి, "నా కూతురు అబద్ధమాడదు" అంది. "మీ కూతురు కాబట్టి అంటున్నారు" అన్నాను. ఆవిణ్ణి నేను అంత మాట ఎప్పుడూ అనలేదు.

డ్రైవరు గారి ఇంటికి సంబంధం మాట్లాడ్డానికి ఎవరో వచ్చి వెళ్లారని విన్నాను. వాళ్ల ఇష్టం.

వదిన


ఏప్రిల్ 19

వదినా,

నీ మీద కోపం రాలేదు. నేను నీ చోట ఉంటే నేనూ నమ్మను.

కొక్కేల ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాను, వాళ్ల ఇంటికి. ఈసారి దాచకుండా మొత్తం చెప్పాను. మా వదిన మిమ్మల్ని మా అన్నయ్య అనుకుంటోంది, నేను కాదంటే నమ్మడం లేదు, ఎదురుగా ఒక్క ఫోటో తీసుకోనివ్వండి అన్నాను. ఆయన మసి చేతులు తుడుచుకుంటూ అరుగు మీదే కూర్చున్నాడు. ఆయన భార్య లోపల్నుంచి వింటోంది. ఆవిడే బయటికి వచ్చి, "లేచి ముఖం కడుక్కో. ఆ మసితో తీస్తే ఎవరైనా ఎవరిలాగైనా ఉంటారు" అంది.

ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. వాళ్ల వాకిట్లో స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎలా కూర్చోవాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "నవ్వనా, వద్దా?" అన్నాడు. మీ ఇష్టమండీ అన్నాను. "ఆవిడ చూసేటప్పుడు నేను నవ్వుతుంటే బాగోదు" అని మానేశాడు. తీశాక మాత్రం నన్ను పిలిచి, "అమ్మా, నేను కానందుకు ఏమీ అనుకోవద్దని రాయి" అన్నాడు. అలాగే రాస్తున్నాను.

ఇంత దగ్గరగా మనిషి ముఖాన్ని నేనెప్పుడూ తీయలేదు. స్టూడియో ఆయన పెద్దది చేసి కడిగాడు. చూడు వదినా. ఇంతకంటే నేనేం చేయగలనో నాకు తెలియడం లేదు. సెలవు పెట్టి వస్తాను. ఒక్క మాట రాయి చాలు.

అమ్మను ఏమీ అనకు. నన్ను అను.

బుల్లి


మే 9

బుల్లీ,

ఫోటో చేరింది. ఆయన కాదు.

కవరు విప్పిన వెంటనే తెలిసింది. అయినా పక్కన పడేయలేకపోయాను. ఎంత మర్యాదగా కూర్చున్నాడో, నేను పెళ్లిచూపులకి వచ్చినట్టు. గుండీల్లో ఒకటి వేరే రంగుది. ఆయన భార్యకి చెప్పు, నేను సరైనది వెతికి పంపుతాను. ఆయన్ని ఏమీ అనుకోలేదని కూడా చెప్పు.

నిన్ను అన్న మాటలకి జవాబు కాగితం మీద పెట్టను. నువ్వొచ్చాక నీ ఎదురుగా కూర్చుని చెప్తాను. అత్తయ్య మాత్రం మర్నాడే మాట్లాడేసింది. నీళ్లు కాగాయి, పోయి స్నానం చెయ్యి అంది. అంతే.

డ్రైవరు గారికి వేరే సంబంధం కుదిరింది. ఆ అమ్మాయి బట్టలు నా దగ్గరికే వచ్చాయి. కొలతలు తీసుకున్నాను. మంచి పిల్ల, సూది గుచ్చుకున్నా కదల్లేదు. పాపకి కూడా గౌను ఒకటి కుట్టమన్నారు. మలుపులో బస్సు తిరుగుతుంటే ఇప్పుడు నేను తల ఎత్తడం లేదు.

నలుగురున్న ఆ ఫోటో మళ్లీ తీసి చూశాను. నువ్వు రాసింది నిజమే, నలుగురూ ఒక్కలాగే ఉన్నారు. ఇన్నేళ్లూ అది ఆయన ఒక్కరిదే అనుకున్నాను. దాన్నే పట్టుకుని ఉన్నాను బుల్లీ. ఆయన మాట ఎలా ఉండేదో ఎప్పుడో పోయింది. ఆ చెయ్యి ఒకటే మిగిలింది, అది బండెక్కినవాళ్లందరిదీనట.

ఇంకో సంగతి. ఎవరికీ చెప్పలేదు. కొక్కేల ఆయన ఫోటోని నేను ఎక్కువ చూశాను. పొద్దున్నే చూశాను, మిషను తొక్కుతూ చూశాను, ఎక్కడన్నా పోలిక ఉందేమోనని. ఇప్పుడు కళ్లు మూసుకుని మీ అన్నయ్య ముఖం తెచ్చుకుందామంటే ఆ ముఖమే వస్తోంది. తల దువ్వుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. పక్కకి నెట్టేసి చూసినా వెనకాల ఇంకేమీ లేదు. ఆయన కనుబొమ్మలు కలిసి ఉండేవా, విడిగా ఉండేవా? నాకు తెలియడం లేదు. నేను ఆయన భార్యని, నాకు తెలియడం లేదు.

అత్తయ్యని అడిగాను, మామూలుగా అడిగినట్టు. "వాడి ముఖానికేం, అచ్చు బుల్లి ముఖమే. నుదురూ ముక్కూ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. అది నవ్వినప్పుడే తేడా" అంది.

అందుకని, నువ్వు వచ్చేదాకా నేను ఆగలేను, నీ ఫోటో ఒకటి పంపు. ఇన్ని పంపావు గానీ నీది ఒక్కటీ పంపలేదు. స్టూడియో ఆయన్ని తీయమను. దగ్గర్నుంచి, వెలుతురు ముఖం మీద పడేలాగ తీయమను. జుట్టు వెనక్కి దువ్వుకో. నవ్వకు. నవ్వితే నువ్వు నువ్వులా ఉంటావు.

వదిన